ద్విచక్ర వాహనాల సైలెన్సర్లలో మార్పులు: సాంకేతిక, చట్టపరమైన అంశాలు

గంభీరమైన ధ్వని, అదనపు శక్తి లభిస్తాయన్న ఉద్దేశంతో మోటారు సైకిళ్ల సైలెన్సర్లను తక్కువ ఖర్చుతో మార్పించుకోవడం పలు పట్టణాలలో కానవస్తున్నది. ఈ మార్పుల స్వభావం, పర్యవసానాలు, వీటికి వర్తించే నిబంధనలు ఈ దిగువ వివరించబడినవి.

మార్పుల స్వరూపం

ఇంజన్ నుంచి వెలువడే వాయువుల పీడనాన్ని సైలెన్సర్ లోపలి గదులు, అడ్డుపలకలు, రంధ్రాల గొట్టం క్రమంగా తగ్గించి ధ్వనిని అణచివేస్తాయి. అడ్డుపలకలను కోసివేయడం, రంధ్రాలు చేయడం, లోపల అడ్డు లేని బయటి రకం గొట్టాన్ని బిగించడం తక్కువ ఖర్చు మార్పులలో ముఖ్యమైనవి. ధ్వని 10 డెసిబెల్స్ పెరిగినదనగా ధ్వనిశక్తి 10 రెట్లు అయినదని అర్థం.

ధ్వని పెరిగినంత మాత్రాన శక్తి పెరగదు. కార్బురేటర్ సరిచేయని పక్షంలో ఇంధన మిశ్రమం పలుచబడి, యాక్సిలరేటర్ వదిలినపుడు సైలెన్సర్ లో పేలుడు శబ్దాలు రావచ్చును. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన బి.ఎస్.-6 ప్రమాణాల వాహనాలలో ఆక్సిజన్ సెన్సర్ కు తప్పుడు సమాచారం అందే అవకాశం కలదు. క్యాటలిటిక్ కన్వర్టర్ ను తొలగించినచో హానికర వాయువులు శుద్ధి కాకుండానే వెలువడతాయి.

చట్టపరమైన స్థితి

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 120వ నిబంధన ప్రకారం ప్రతి మోటారు వాహనానికి ధ్వనిని తగ్గించే సైలెన్సర్ ఉండితీరవలెను. 2005 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ప్రమాణాల మేరకు, తయారీ దశలో మోటారు సైకిళ్ల ధ్వని పరిమితి 80 సి.సి. వరకు 75, 175 సి.సి. వరకు 77, ఆపైన 80 డెసిబెల్స్ గా నిర్ణయించబడినది.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 వాహన మార్పులను నియంత్రిస్తుంది. 2019 సవరణ అనంతరం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి సెక్షన్ 182ఎ(4) కింద ఆరు నెలల వరకు జైలుశిక్ష, లేదా ఒక్కొక్క మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. ధ్వని, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించే వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడిపినచో సెక్షన్ 190(2) కింద తొలి నేరానికి మూడు నెలల వరకు జైలుశిక్ష, లేదా రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. మూడు నెలలపాటు లైసెన్సు అనర్హత కూడా వర్తిస్తుంది.

కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం ఉన్నందున సైలెన్సర్ మార్పు చట్టబద్ధమేనన్న అభిప్రాయం సరికాదు. ఆ పరీక్షలో పొగలోని వాయువులను మాత్రమే పరిశీలిస్తారు, ధ్వనిని కొలవరు.

తక్కువ ఖర్చుతో చట్టబద్ధ మార్గం

పాత వాహనాలలో శబ్దం పెరుగుటకు ఇంజన్, గొట్టం కలిసేచోట గ్యాస్కెట్ కాలిపోవడం, క్లాంపు వదులు కావడం, తుప్పు వలన రంధ్రాలు పడటం సాధారణ కారణాలు. గ్యాస్కెట్ మార్చడం, క్లాంపు బిగించడం, లోపలి అమరికకు భంగం లేకుండా చిన్న రంధ్రాలను వెల్డింగ్ తో పూడ్చడం మరమ్మతులే గాని మార్పులు కావు. సైలెన్సర్ పూర్తిగా పాడైనచో అదే మోడల్ కు తయారీదారు నిర్దేశించిన దానినే అమర్చుకోవలెను.

ఇదివరకే మార్పు చేయించుకున్నవారు అసలు సైలెన్సర్ ను పాత ఇనుము కింద అమ్మివేయక భద్రపరచినచో, దానిని తిరిగి బిగించుకొనుటకు మెకానిక్ కూలి, కొత్త గ్యాస్కెట్ ఖర్చు మాత్రమే అవుతుంది. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలాలుగా ప్రకటించుటకు ధ్వని కాలుష్య నిబంధనలు, 2000 వీలు కల్పించుటను బట్టి, ఇది కేవలం వాహనదారుని అభిరుచికి సంబంధించిన విషయం కాదని స్పష్టమగుచున్నది.