డాస్ తెర మీద తెలుగు ఒత్తులు

ఐబీఎం పీసీ 1981 ఆగస్టు 12న విడుదలైంది. ఆ తరం యంత్రాల కోసం తీసుకున్న నిర్ణయమొకటి కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘం లెక్కలు చూసే మహిళ ఫోనులో ఇవాళ్టికీ పనిచేస్తోంది.

తెలుగు రాతలో రాయలసీమది తొలి అడుగు. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు కడప జిల్లా కలమళ్లలో రాతి మీద తెలుగు చెక్కించాడు. ఆ తర్వాత శతాబ్దాల తరబడి తాటాకు. 19వ శతాబ్దంలో బ్రౌన్ దొర కడపలో పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఆపైన అచ్చు, టైపు మిషను, కంప్యూటరు.

1974లో గ్యారీ కిల్డాల్ చిన్న కంప్యూటర్లను నడిపే సీపీ/ఎం అనే వ్యవస్థను రాశాడు. దాన్ని చూసి 1980లో టిమ్ ప్యాటర్సన్ రాసిన వ్యవస్థను మైక్రోసాఫ్ట్ కొని ఐబీఎం పీసీ కోసం డాస్‌గా మలిచింది. నేటి విండోస్‌లో కనిపించే సీ డ్రైవు ఆ వంశానిదే.

డాస్ తెర అడ్డంగా 80 గళ్లు, నిలువుగా 25 వరుసలు. గడికో అక్షరం. ఇంగ్లీషుకు అది చాలు. మన ‘స్త్రీ’కి పైన గుడిదీర్ఘం కావాలి, కింద తవత్తు, రవత్తు కావాలి. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణె సీ-డాక్‌లో ఎదిగిన జిస్ట్ కార్డు ఈ చిక్కు విప్పింది. పీసీలో దాన్ని బిగిస్తే డీబేస్, లోటస్ వంటి ఇంగ్లీషు ప్రోగ్రాముల్లోనే తెలుగు పలికేది.

అసలు గొప్పతనం కార్డు వెనకున్న ఇస్కీ అనే సంకేత పద్ధతిది. కంటికి కనిపించే ఆకారాన్ని కాక, నోట పలికే ధ్వనిని దాచాలని నిర్ణయించారు దాని రూపకర్తలు. ‘స్త్రీ’ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, ‘ఈ’ గుణింతం: ఆరు సంకేతాలు. వాటిని ఒత్తులుగా కూర్చే పని కార్డుది. బ్రాహ్మీ నుంచి పుట్టిన భారతీయ లిపులకు ఒకే వరుస కాబట్టి, ఒక పేరును హిందీలో కొట్టి తెలుగులో చూసుకోవచ్చు. అక్షరమాల స్వభావం తెలిసినవాళ్లు చేసిన పని ఇది.

1991 అక్టోబరులో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పు, 1988 నాటి ఇస్కీ వరుసనే తీసుకుంది. హిందీ ‘క’ 0915, తెలుగు ‘క’ 0సి15. ఈరోజు ఏ ఫోనులో ‘స్త్రీ’ అని కొట్టినా లోపల అవే ఆరు సంకేతాలు.

ఆ తర్వాత దారి చీలింది. విండోస్ వచ్చాక డీటీపీ ఫాంట్లు అక్షరాల ముక్కలకు ఎవరి సంకేతాలు వాళ్లు పెట్టుకున్నాయి. ఒక ఫాంటులో కొట్టింది మరో ఫాంటులో గజిబిజి. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగును తెచ్చినా, అప్పటికే పత్రికలూ ప్రెస్సులూ పాత దారిలో చాలా దూరం వెళ్లిపోయాయి. చాలాచోట్ల పెళ్లిపత్రికలు నేటికీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలోనే తయారవుతున్నాయి. పెళ్లివారు వాట్సాప్‌లో పంపిన పేర్లను అక్కడ మార్పిడి చేసుకోవాలి, లేదంటే మళ్లీ కొట్టాలి. ఆపైన ఒత్తులు సరిగా పడ్డాయో లేదో ప్రూఫు చూసుకోవాలి.