చుప్ రహో బేటా!

2023 జనవరిలో నందిగామలో మా చెల్లెలి కొడుకు ఫోనుకి ఒక లింకు వచ్చింది. 2002 గుజరాత్ మారణకాండ, అప్పటి ముఖ్యమంత్రి మోదీ పాత్ర మీద బీబీసీ తీసిన డాక్యుమెంటరీ, ‘ఇండియా: ది మోదీ క్వశ్చన్’. వాడు నొక్కేసరికి బొమ్మ లేదు. ఎత్తేశారు. అయినా వాళ్ళమ్మకి భయం తీరలేదు. “ఆ మెసేజీ కూడా తుడిచెయ్. చుప్ రహో బేటా” అంది.

ఈ మాట నాకు కొత్త కాదు. జగ్గయ్యపేటలో మా దాదీ పోలీస్ యాక్షన్ గురించి చెప్పాల్సి వస్తే ముందు లేచి తలుపేసేది.

డాక్యుమెంటరీ మొదటి భాగం జనవరి 17న బ్రిటన్‌లో వచ్చింది. విదేశాంగ శాఖ దాన్ని ప్రచార సామగ్రి అంది. 2021 ఐటీ నిబంధనల్లోని అత్యవసర అధికారాలతో యూట్యూబ్ వీడియోల్నీ, 50కి పైగా ట్వీట్లనీ ఆపించామని 21న సమాచార ప్రసార శాఖ సలహాదారు కంచన్ గుప్తా ప్రకటించాడు. ఆ రాత్రే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు బొమ్మ వేసుకున్నారు. 26న ఎస్ఎఫ్ఐ మళ్ళీ వేసింది. పోటీగా ఏబీవీపీ ‘కశ్మీర్ ఫైల్స్’ వేసింది. అది మాత్రం దేశభక్తి!

మోదీకి సిట్ ఇచ్చిన క్లీన్‌చిట్‌ని సుప్రీంకోర్టు 2022 జూన్ 24న సమర్థించింది. నిజమే. అంత తీర్పు చేతిలో ఉన్నవాళ్ళు జవాబు చెప్పొచ్చు గదా, తుడవడం దేనికి? పైగా తుడవమన్న ఉత్తర్వునే జనానికి చూపలేదు. ఎన్.రామ్, మహువా మొయిత్రా, ప్రశాంత్ భూషణ్ కోర్టుకెళ్తే ఫిబ్రవరి 3న అసలు రికార్డులు తెమ్మని సుప్రీంకోర్టు అడగాల్సి వచ్చింది.

మా మెట్ట ప్రాంతం నైజాం సరిహద్దు. అవతల రజాకార్ల దౌర్జన్యాలకు జడిసి ఇటు వచ్చినవాళ్ళని మా పెద్దలు చూశారు. అది మేం దాచం. 1948 సెప్టెంబర్ 13న సైన్యం బెజవాడ వైపు నుంచి వెళ్ళి కోదాడ చేరింది. ఆ తర్వాత ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ల బృందం, తక్కువలో తక్కువ లెక్క వేసినా 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని రాసింది. ఎక్కువ చావులు మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో. ప్రాణాలకు తెగించి ముస్లింలను కాపాడిన హిందువుల సంగతీ రాసింది. ఆ మంచిని కూడా కలిపి ప్రభుత్వం నివేదికను బీరువాలో పెట్టేసింది. భాగాలు అక్కడక్కడా బయటికొచ్చినా, ఢిల్లీ నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో మామూలు మనిషి చదువుకునే వీలు 2013కి గానీ కలగలేదు. అంటే 60 ఏళ్ళు పైనే. అప్పటికి దాదీ కబరస్తాన్ చేరింది.

పాఠాల్లో విమోచన ఉంది. విలీనం ఉంది. మా దాదీ తలుపు ఎందుకేసేదో లేదు. కాగితాన్ని సర్కారు దాచింది, మాటని మేమే దాచుకున్నాం. ఇప్పుడు ఫోనులోనూ అంతే.

“మామూ, అందులో ఏముంది?” అనడిగాడు మేనల్లుడు.

మా చెల్లెలు లేచి తలుపేసింది. నేను 2002 నుంచి మొదలుపెట్టాను. వాడు 1948 దాకా అడిగాడు.