తోలు పరిమళమూ, తంగేడు చెక్కా

గత మార్గశిరంలో మా అల్లుడు విదేశం నుండి వస్తూ నాకొక సెంటు సీసా తెచ్చాడు. "మామా, ఇది చలికాలపు సాయంత్రాలకు పూసుకునేది. వేసవిలో మాత్రం ముట్టకండి" అని హెచ్చరించి మరీ ఇచ్చాడు. మణికట్టుపై ఒక చుక్క వేసుకుని చూశాను. మొదట మిరియపు ఘాటు, వెనువెంటనే ఏలకి, లవంగం. ఓ పావుగంట గడిచిన తరువాత ఆ సుగంధద్రవ్యాలన్నీ తొలగిపోయి, అడుగున ఉన్నది బయటపడింది. నేను దానికి పేరు వెతుక్కుంటూ ఉండగానే మా ఇంటావిడ వంటింట్లో నుండి, "ఇదేం వాసనండీ, మోట బొక్కెన వాసన!" అన్నది.

ఆమె మాట నూటికి నూరుపాళ్లు నిజం. అది తోలు వాసన. సీసామీద కూడా ఆ మాటే రాసి ఉన్నది. ఆ సీసా ఖరీదు అల్లుడు చెప్పలేదు, నేను అడగలేదు. కాని ఏ వాసన వస్తే నా చిన్నతనంలో మా అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దారి మార్చేదో, ఆ వాసనను ఇంత అపురూపంగా సీసాలో బిగించి అమ్ముతున్నారన్న సంగతి నన్ను చాలా రోజులు వదలలేదు. ఈ వ్యాసం అందుకే.

చలికాలానికి వేరే పరిమళం ఉండాలన్నది పాశ్చాత్యులు కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో హేమంత ఋతుచర్య చెబుతూ కుంకుమపువ్వు, కస్తూరి పూసుకొమ్మనీ, అగరు ధూపం వేసుకొమ్మనీ విధించాడు. చందనం, పచ్చకర్పూరం వేసవివి. హైదరాబాదులో చార్మినారు చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో నేటికీ ఇదే విభజన: ఎండాకాలానికి వట్టివేరు, మల్లె, గులాబి, చలికాలానికి హీనా, కస్తూరి, అంబరు, షమామా. ఇందులో షమామా చిత్రమైనది. జాజికాయ, జాపత్రి, ఏలకులు, లవంగాలు, జటామాంసి, తుంగముస్తలు, రాతిపువ్వు వంటి అనేక ద్రవ్యాలను కలిపి దించే అత్తరు అది. ఒక్క పువ్వు వాసన అందులో ఉండదు, మసాలా డబ్బా మూత తీసినట్లుంటుంది. బరువైన వాసనలు చలిలో మెల్లగా విచ్చుకుంటాయి, ఎండలో తలనొప్పి తెస్తాయి. అసలు మన నల్లగొండ, పాలమూరు చలి ఎంతపాటిది గనుక! పుష్యమాసంలో నాలుగు రాత్రులు గొంగడి కప్పుకుంటే అదే చలి. అయినా దొరల గడీల్లో ఆ నాలుగు రాత్రులకూ హైదరాబాదు అత్తరు వచ్చేది.

ఈ వ్యాపారానికి మన దేశంలో చాలా పాత సాక్ష్యాలే ఉన్నాయి. కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనంలో చందనం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, పునుగు, మిరియాల వంటి సరుకులపై సుంకం ఎంతో నిర్ణయించి చెక్కించాడు. ఇంకొక నూటయాభై ఏళ్లకు కొండవీటిలో కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు కర్పూరం ధారపోసి కర్పూర వసంతరాయడనిపించుకున్నాడు. ఆయనకు ఆ సరుకు సమకూర్చిన అవచి తిప్పయ్యసెట్టికే శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. గోవా నుండి సంకుమదం, పరదేశం నుండి కస్తూరి తెప్పించిన సెట్టిగా ఆయనను కీర్తించాడు.

సంకుమదం అంటే పునుగు. పిల్లులకు ఈ పాఠం చెప్పినప్పుడల్లా (నేను మా తరగతి పిల్లలను అలాగే అంటాను) నేను ఒక సంగతి దాటవేసేవాణ్ణి. పునుగు, పునుగుపిల్లి తోక కింది గ్రంథి నుండి తీసేది. కస్తూరి, మగ మృగం పొట్ట కింది తిత్తిలోనిది. రెండూ జంతువు ఒంటి సరుకులే. పచ్చిగా ఉన్నప్పుడు పునుగు కంపు భరించరానిది. అయినా తిరుమలలో శుక్రవారం అభిషేకానంతరం స్వామి మూర్తికి పునుగు తైలం పూస్తారు. కస్తూరి తిలకం సంగతి చెప్పనే అక్కరలేదు. కాబట్టి జంతువు నుండి వచ్చినందువల్ల తోలు మైలపడిందనే వాదం నిలవదు. మైల వస్తువుది కాదు, దానిని తాకిన చేతులకు మనం అంటగట్టినది.

ఆ చేతులు చేసిన పని ఎటువంటిదో చూద్దాం. ఊరి చివర, వాడకు ఆనుకుని లందలుండేవి. చచ్చిన పశువు తోలును సున్నపు నీళ్లలో రోజుల తరబడి నానవేసి, వెంట్రుకలు గీకి, కడిగి, తంగేడు చెక్క దంచిన నీళ్లలో ఊరవేసేవారు. కొందరు తోలునే సంచిలా కుట్టి, చెక్కపొడి, నీళ్లు నింపి కొయ్యకు వేలాడదీసేవారు. చుక్క చుక్కగా కారిన నీటిని మళ్లీ పైన పోయడమే పని. కరక్కాయ కూడా వాడేవారు. చివర ఆముదమో కానుగనూనెనో పట్టించి మెత్తబరిచేవారు. మా అమ్మ ముక్కు మూసుకున్నది సున్నపు దశలోని వాసనకు. తయారైన తోలు వాసన పూర్తిగా వేరు. వగరుగా, కొంచెం తీయగా, ఎండిన బెరడును విరిచినట్లుంటుంది. రెండింటికీ తేడా తెలియాలంటే దగ్గరికి వెళ్లాలి. మేము వెళ్లలేదు.

తంగేడు, ఆముదం రెండూ మన చెల్క నేలల సొంత సంపదలే. తంగేడు పువ్వు బతుకమ్మకెక్కుతుంది, 2014లో రాష్ట్ర పుష్పమూ అయింది. దాని చెక్క మాత్రం లందలోకి వెళ్లింది. పంతొమ్మిదవ శతాబ్దంలో మదరాసు నుండి లండనుకు ఓడల్లో వెళ్లిన తోళ్లు ఈ చెక్కతో పదును చేసినవే. తరువాత దక్షిణాఫ్రికా నుండి వాటిల్ చెక్క వచ్చి తంగేడును వెనక్కు నెట్టింది. 1903 ప్రాంతంలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ మదరాసులో క్రోము పద్ధతిని ప్రయత్నించినప్పుడు ఆయన దృష్టిలో ఉన్న వస్తువుల్లో బావుల నుండి నీరు తోడే తోలు బొక్కెన ఒకటి. మోట ఆగితే పంట ఆగే దేశం మరి. మన మెట్ట జిల్లాల్లో కరెంటు మోటార్లు వచ్చేవరకు ఊరి అన్నం ఆ బొక్కెన మీదనే ఆధారపడింది.

ఇక ఆ బొక్కెనకు వచ్చిన ప్రతిఫలం. రైతులు పంట మీద ఎంతో కొంత గింజలు కొలిచేవారు. దొరలకు మాత్రం చెప్పులు, బొక్కెనలు, కాడిపట్టెలు అన్నీ ఉచితంగా ఇవ్వాలి. దాని పేరు వెట్టి. పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ పోరాట చరిత్రలో ఈ తోలు వెట్టిని ప్రత్యేకంగా పేర్కొన్నారు. నల్లగొండ జిల్లా భువనగిరిలో 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగిన తరువాత వెట్టి మీద తిరుగుబాటు ఊరూరా పాకింది.

ఆ 1944లోనే పారిస్‌లో జెర్మేన్ సెలియే అనే ఆవిడ బాందీ అనే పరిమళాన్ని తయారు చేసింది. తోలు సుగంధాలలో అది నేటికీ ప్రసిద్ధమైనది. బందిపోటు అని దాని పేరుకు అర్థం! ఇది కాకతాళీయమే, దీని నుండి నేనేమీ సిద్ధాంతం చేయబోవడం లేదు. కాని రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేకపోయాను.

ఐరోపాలో ఈ వాసన గౌరవం ఎలా పొందిందన్నది కూడా తోలుపని వారి కథే. ఫ్రాన్సులోని గ్రాస్ అనే ఊరు మొదట తోలు పదును చేసే ఊరు. చేతి తొడుగుల కంపు పోగొట్టడానికి వాటికి పూల తైలాలు, కస్తూరి, పునుగు పట్టించారు. 1614లో అక్కడి రాజు తొడుగులు కుట్టేవారికే సుగంధాలు చేసేవారిగా కూడా గుర్తింపు ఇచ్చాడు. కాలక్రమంలో తొడుగులు పోయి సుగంధం మిగిలింది. స్పెయిన్ తోలు అనే పేరుతో గులాబి, చందనం, లవంగం, దాల్చిన తైలాల్లో తోలును నానబెట్టి పునుగు, కస్తూరి పూసి దాచుకునేవారు. రష్యావారి తోలుకు భూర్జవృక్షపు తారు పట్టించేవారు, ఆ పొగవాసనే తరువాత సీసాలకెక్కింది. నేటి సీసాల్లో అసలు తోలే ఉండదట. ఐసోబ్యూటైల్ క్వినోలిన్ అనే రసాయనం, భూర్జపు తారు, వీటితోపాటు మన తుంగముస్తల నూనె! పొలం గట్లమీద రైతు తిట్టుకుంటూ పీకిపారేసే తుంగకు దగ్గరి చుట్టం అది. మునుపు బీవరు అనే జంతువు గ్రంథిలోని కాస్టోరియం కూడా కలిపేవారు. ఆముదానికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు ఆ కాస్టోరియం నుండే వచ్చిందని నిఘంటుకారుల ఊహ. చూడండి, మా ఊరి చెప్పుకు ఆముదం, వారి తోలు సెంటుకు కాస్టోరియం.

అత్తరుకు, తోలుకు మన దేశంలోనూ పొత్తు ఉన్నది. కనౌజులో దించిన అత్తరును ఒంటెతోలు కుప్పెలలో పోసి నిలవ ఉంచేవారు. మన నూనె సిద్దెల వంటివే అవి. అత్తరులో మిగిలిన తడి ఆ తోలు గుండా మెల్లగా ఆరిపోతుంది, నూనె నిలుస్తుంది. గాజుసీసా ఆ పని చేయలేదు. అంటే గడీలో దొర చెవిలో పెట్టుకున్న దూదిపింజెలోని అత్తరు కూడా ఏదో ఒక తోలుపనివాని చేతి మీదుగానే వచ్చి ఉంటుంది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక శిష్యుడుండేవాడు. పేరు రాయను. తాత లంద పని మానేసి కూలికి వెళ్లేవాడు. ఒకనాడు మృగమదానికి అర్థం చెప్పి ఊరుకుంటే, "తోలుకు వాసన లేదా సార్?" అని అడిగాడు. తరగతి నవ్వింది. నేను పద్యంలో లేని సంగతులు అడగవద్దన్నాను. ఇప్పుడతను తోలు సాంకేతికత చదివి మదరాసులోనే స్థిరపడ్డాడు. తెనాలి ప్రాంతపు రైతుబిడ్డ యలవర్తి నాయుడమ్మగారు ఎదిగి దేశానికే తోలు శాస్త్రవేత్త అయిన ఊరది.

మొన్న సంక్రాంతికి అతను మా ఇంటికి వచ్చాడు. సీసా చూపించి ఒక చుక్క చేతిమీద వేశాను. కళ్లు మూసుకుని చాలాసేపు వాసన చూసి, "క్రోము తోలు కాదు సార్, చెక్క తోలే. కాని తంగేడు కాదు" అన్నాడు. మా ఇంటావిడ అప్పటికే ఇద్దరికీ పళ్లెంలో సకినాలు పెట్టి తెచ్చింది.