నలుగురిలో ఒకరి గుండెలో రంధ్రం

చనిపోయిన ఆమె వయసు 35. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ప్రాణం పోయింది. శవపరీక్ష చేసిన జర్మన్ పాథాలజిస్ట్ యూలియస్ కోన్‌హైమ్‌కు ఒక్క విషయం అంతుచిక్కలేదు. గడ్డ పుట్టింది కాలి సిరల్లో. అక్కడ బయల్దేరింది గుండె కుడివైపుకి చేరి, ఊపిరితిత్తుల్లో ఇరుక్కోవాలి. మెదడుకి ఎలా వెళ్లింది? గుండె కోసి చూస్తే జవాబు దొరికింది. పై గదులు (కర్ణికలు) రెంటి మధ్య గోడలో రంధ్రం, మూడు వేళ్లు సులువుగా దూరేంతది. 1877లో తన ఉపన్యాసాల గ్రంథంలో ఆయన ఈ సంగతి రాశాడు. కొన్నేళ్లకు జెనీవాలో ఫ్రెడరిక్ త్సాన్ ఇలా దారితప్పే గడ్డల వ్యవహారానికి ‘పారడాక్సికల్ ఎంబోలిజం’ అని పేరు పెట్టాడు. డాక్టర్లు ఇప్పటికీ అదే పేరు వాడుతున్నారు.

ఆ రంధ్రం మాత్రం కొత్తది కాదు. క్రీ.శ. 2వ శతాబ్దంలోనే గ్రీకు వైద్యుడు గాలెన్ దాన్ని గర్భస్థ శిశువు గుండెలో చూశాడు, పుట్టాక పూడిపోతుందనీ రాశాడు. కడుపులో బిడ్డ ఊపిరి పీల్చదు. ప్రాణవాయువు మాయ నుంచి బొడ్డుతాడు గుండా వస్తుంది. ఆ రక్తం ఊపిరితిత్తులు చుట్టిరాకుండా కుడి కర్ణికలోంచి నేరుగా ఎడమ కర్ణికలోకి వెళ్లడానికే ఈ అడ్డదారి. బిడ్డ కేర్‌మనగానే ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి, ఎడమవైపు ఒత్తిడి పెరుగుతుంది, పల్చటి పొర వచ్చి రంధ్రాన్ని మూస్తుంది. ఎక్కువమందిలో ఆ పొర క్రమంగా గోడకు అతుక్కుపోతుంది. కొందరిలో అతుక్కోదు. ఒకవైపే తెరుచుకునే తలుపు రెక్కలా మిగిలిపోతుంది. మామూలుగా మూసే ఉంటుంది. గట్టిగా దగ్గినా, ముక్కినా, బరువెత్తినా క్షణంపాటు తెరుచుకోవచ్చు. దీనికి వైద్యులు పెట్టిన పేరు పేటెంట్ ఫొరామెన్ ఒవేల్, పొట్టిగా పీఎఫ్‌ఓ.

చరిత్రలో ఈ రంధ్రం వల్ల బాగా పేరొచ్చినవాడు ఇటలీలోని ఆస్తి పట్టణంలో పుట్టిన వైద్యుడు లియొనార్డో బొటాల్లో. రక్తం కుడి నుంచి ఎడమకు ఏ దారిన వెళ్తుందన్నది ఆ కాలపు పెద్ద చిక్కు. 1564లో బొటాల్లో ఈ రంధ్రాన్ని చూపించి, అందరిలోనూ దారి ఇదేనన్నాడు. తప్పు. రక్తం ఊపిరితిత్తుల గుండా వెళ్తుందన్న అసలు సంగతి 1628లో ఇంగ్లిష్ వైద్యుడు విలియం హార్వే పుస్తకంతో గానీ తేలలేదు. అయినా బొటాల్లో పేరు చాలాకాలం రంధ్రానికి అంటిపెట్టుకుంది. అంతటితో ఆగక, ఆయన వర్ణించనే లేదంటున్న మరో గర్భస్థ రక్తనాళానికీ ‘బొటాల్లో నాళం’ అని పేరు స్థిరపడింది. కీర్తి అంటే అలా కలిసిరావాలి!

ఇంతకీ ఎంతమందికి ఉంటుంది? 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు శవపరీక్షల్లో చూసిన 965 మామూలు గుండెల లెక్క ప్రకటించారు: 27.3 శాతం. అంటే నలుగురిలో ఒకరికి పైనే. మన దగ్గర ‘గుండెకు చిల్లు’ అనగానే ఆపరేషన్ కోసం తిరిగే పసిపిల్లలు గుర్తొస్తారు. అది వేరు, అక్కడ గోడే కొంత ఏర్పడి ఉండదు. ఇక్కడ గోడ ఉంది, అతుకే పడలేదు.

బతికున్నవాళ్లలో దీన్ని పట్టుకోవడం నేర్పింది ఎకో పరీక్ష. రెండు సిరంజీలను కలిపి, సెలైన్‌లో కాస్త గాలి చేర్చి, అటూ ఇటూ నెట్టి నురగలా చిలుకుతారు. దాన్ని చేతి సిరలోకి ఎక్కించి, రోగిని ఊపిరి బిగబట్టి ముక్కమంటారు. తెరమీద కుడి కర్ణిక బుడగలతో తెల్లబడుతుంది. రెండు మూడు గుండె చప్పుళ్లలోపే ఎడమవైపు కూడా బుడగలు కనిపిస్తే రంధ్రం ఉన్నట్టే. 1988లో ఫ్రాన్స్‌లో లెషా బృందం ఈ పద్ధతిలోనే 55 ఏళ్లలోపు పక్షవాతం వచ్చిన 60 మందిని చూసింది. 40 శాతం మందిలో పీఎఫ్‌ఓ ఉంది. పోల్చి చూసిన, పక్షవాతం రానివారిలో 10 శాతమే.

దాంతో మూసేద్దామన్న ఉత్సాహం ఊపందుకుంది. తొడ సిరలోంచి గొట్టం పంపి, గోడకు రెండువైపులా విచ్చుకునే చిన్న పరికరంతో నొక్కిపెట్టే పద్ధతి వచ్చింది. అమెరికాలో మొదట అనుమతి దొరికింది అరుదైన జబ్బుల మినహాయింపు కింద. ఏడాదికి 4000 మందికి మించని అవసరాలకు ఉద్దేశించిన మినహాయింపు అది! అర్హులు అంతకంటే ఎక్కువని తేలి 2006లో దాన్ని వెనక్కి తీసుకున్నారు.

అంతకు కాస్త ముందే ఈ రంధ్రం వార్తల్లోకీ ఎక్కింది. 2005 డిసెంబరులో ఇజ్రాయెల్ ప్రధాని ఏరియల్ షరాన్‌కు చిన్నపాటి పక్షవాతం వచ్చింది. పరీక్షల్లో గుండెలో చిన్న రంధ్రం కనిపించింది. జనవరి 5న మూయాలని నిర్ణయించారు, ఈలోగా రక్తం పలచబరిచే మందులిచ్చారు. 4వ తేదీ రాత్రి మెదడులో భారీ రక్తస్రావం. ఆయన మళ్లీ స్పృహలోకి రాకుండానే 2014 జనవరిలో కన్నుమూశాడు. 77 ఏళ్లవాడి విషయంలో ఆ రంధ్రాన్ని అంతగా పట్టించుకోవాల్సిందా అన్న చర్చ వైద్యుల్లో చాలాకాలం నడిచింది.

ఆ ప్రశ్నలో న్యాయముంది. నలుగురిలో ఒకరికి ఉన్నదాన్ని నేరస్థలంలో చూసినంత మాత్రాన దోషి అనలేం. 2012, 2013లో వచ్చిన మూడు పెద్ద పరిశోధనలు మూయడం వల్ల లాభాన్ని స్పష్టంగా నిరూపించలేకపోయాయి. మైగ్రేన్ తగ్గుతుందన్న ఆశతో బ్రిటన్‌లో జరిగిన ‘మిస్ట్’ పరిశోధనా 2008లో తేలిపోయింది. పద్ధతిని విమర్శించిన వైద్యుడు పీటర్ విల్మ్‌స్‌హర్స్ట్ మీద పరికరం తయారుచేసిన కంపెనీ పరువునష్టం దావా వేసింది. 2011లో కంపెనీ మూతపడ్డాక గానీ ఆయనకు ఊరట దొరకలేదు.

2017లో కథ మళ్లీ మారింది. ప్రధానంగా ఫ్రాన్స్‌లో జరిగిన ‘క్లోజ్’ పరిశోధనలో, వేరే కారణం ఏదీ దొరకని పక్షవాతం వచ్చిన 60 ఏళ్లలోపు వారిని ఎంచుకున్నారు. రంధ్రం పెద్దది కావాలి, లేదా గోడ వదులుగా ఊగుతుండాలి. మూసిన 238 మందిలో ఒక్కరికీ మళ్లీ పక్షవాతం రాలేదు. మాత్రలతో సరిపెట్టిన 235 మందిలో 14 మందికి వచ్చింది. అయితే మూసినవారిలో గుండె లయ తప్పడం ఎక్కువగా కనిపించింది.

కాబట్టి వేరే దేనికోసమో తీయించిన ఎకో రిపోర్టులో ‘పీఎఫ్‌ఓ’ అని కనిపిస్తే కంగారుపడకండి. ఏ ఇబ్బందీ లేనివారికి సాధారణంగా దానికి చికిత్స అక్కర్లేదు. 60 ఏళ్లలోపు పక్షవాతం వచ్చి, కారణం తేలకపోతే మాత్రం న్యూరాలజిస్టు, కార్డియాలజిస్టు ఇద్దరూ చూశాకే మూయాలా వద్దా తేల్చుకోండి.