గడ్డకట్టించే వైద్యం: ఉప్పుమంచు నుంచి ఇంటి స్ప్రే దాకా

పులిపిరిని పోగొట్టుకోవడానికి మన ఊళ్లలో సున్నం పెట్టేవారు, జీడిరసం పూసేవారు, గుర్రపు తోక వెంట్రుకతో బిగించి కట్టేవారు. వద్దనుకున్న కణజాలాన్ని చంపడమే ఈ మూడింటి ఉద్దేశం. చలితోనూ ఆ పని చేయవచ్చన్న ఆలోచన వైద్యంలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. హిపోక్రటీస్ పేరుతో వచ్చిన గ్రంథాలు వాపుకూ రక్తస్రావానికీ చల్లదనాన్ని సూచించాయి. 1807లో ఐలా యుద్ధరంగంలో కాళ్లూ చేతులూ తొలగించాల్సి వచ్చినప్పుడు, గడ్డకట్టే చలి వల్ల సైనికులకు నొప్పి తక్కువగా ఉండటాన్ని నెపోలియన్ శస్త్రవైద్యుడు లారే గమనించాడు. అంటే అప్పటికీ చలి ఉపశమనానికే తప్ప నాశనానికి కాదు.

దాన్ని మార్చినవాడు ఇంగ్లండులోని బ్రైటన్ వైద్యుడు జేమ్స్ ఆర్నాట్. దంచిన మంచుగడ్డలో ఉప్పు కలిపి, ఆ మిశ్రమంతో రొమ్ము, గర్భాశయ ముఖద్వారం వంటి చేతికి అందే చోట్ల ఉన్న క్యాన్సర్ పుండ్లను గడ్డకట్టించాడు. నొప్పీ స్రావమూ తగ్గాయి, కొన్ని కణుతులు కుంచించుకుపోయాయి. మొటిమలకూ తలనొప్పికీ కూడా ఇదే పద్ధతిని సిఫారసు చేశాడు. 1851 లండన్ మహాప్రదర్శనలో తన పరికరాన్ని ప్రదర్శించాడు. క్లోరోఫామ్‌తో మరణాలు సంభవిస్తున్న ఆ రోజుల్లో, మత్తుకు బదులు చలితో మొద్దుబార్చడమే క్షేమమని వాదించాడు. ఆయన వాదన నిలవలేదు, దానికి పదార్థ స్వభావం కూడా ఒక కారణమని నా అభిప్రాయం. ఉప్పుమంచు చల్లదనం −21 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. శరీరంలో ప్రవహించే వెచ్చని రక్తం ఆ చలిని లోతుకు దిగనివ్వదు.

అంతకంటే లోతైన చలికి ద్రవీకరించిన వాయువులు కావాల్సి వచ్చాయి. 1877లో శాస్త్రవేత్తలు కైయెటే, పిక్టే విడివిడిగా ఆక్సిజన్‌ను ద్రవీకరించారు. 1892లో మరో శాస్త్రవేత్త డ్యూయర్, రెండు గోడల మధ్య శూన్యం ఉండే పాత్రను తయారుచేశాడు. ఆ పాత్రే లేకపోతే ద్రవవాయువు ప్రయోగశాల దాటి వచ్చేది కాదు. 1899లో న్యూయార్క్ వైద్యుడు క్యాంప్‌బెల్ వైట్ ద్రవ గాలితో పులిపిర్లకూ పుట్టుమచ్చలకూ చికిత్స చేశాడు. కానీ అది అంత తేలిగ్గా దొరికేది కాదు. 1907లో షికాగో వైద్యుడు పూసీ −78 డిగ్రీల కార్బన్ డయాక్సైడ్ మంచును వాడకంలోకి తెచ్చాక చర్మవైద్యులకు ఈ పద్ధతి అలవాటైంది. 1950లో చర్మవైద్యుడు ఆలింగ్టన్ దూదిపుల్లను ద్రవ నైట్రోజన్‌లో ముంచి పులిపిరి మీద అద్దాడు. 1961లో న్యూయార్క్ నాడీశస్త్రవైద్యుడు అర్వింగ్ కూపర్ అదే ద్రవాన్ని సన్నని గొట్టంలో ప్రవహింపజేసి పార్కిన్సన్ రోగుల మెదడులో ఎంచుకున్న చోటును గడ్డకట్టించాడు.

ఈ చరిత్రను ఎక్కువమంది డిగ్రీల పతనంగా చెబుతారు. అది అసంపూర్ణం. పశువుల కృత్రిమ గర్భధారణ కోసం మన గోపాలమిత్రలు క్యాన్లలో తీసుకెళ్లేదీ −196 డిగ్రీల ద్రవ నైట్రోజనే. అక్కడ అది వీర్యకణాలను సజీవంగా ఉంచుతుంది, ఆసుపత్రిలో పులిపిరి కణాలను చంపుతుంది. గ్లిజరాల్ కలిపితే కణాలు గడ్డకట్టినా బతుకుతాయని 1949లో శాస్త్రవేత్తలు పోల్జ్, ఆడ్రీ స్మిత్, పార్క్స్ చూపారు. శస్త్రవైద్యుడిది సరిగ్గా తలకిందుల పని: వేగంగా గడ్డకట్టించాలి, నెమ్మదిగా కరగనివ్వాలి, అవసరమైతే మళ్లీ గడ్డకట్టించాలి. అప్పుడు కణం లోపలి మంచు స్ఫటికాలు పొరలను చీలుస్తాయి. కరిగాక సన్నని రక్తనాళాలు మూసుకుపోయి, మిగిలిన కణజాలమూ రక్తం అందక చస్తుంది. పులిపిరికి మూలమైన వైరస్‌ను మాత్రం చలి నేరుగా చంపదు.

ఇంట్లోనే వాడుకునే డైమిథైల్ ఈథర్–ప్రొపేన్ స్ప్రేలు 2003 ప్రాంతంలో అమెరికా మందుల దుకాణాల్లోకి వచ్చాయి. −57 డిగ్రీలన్న ప్రచారం పులిపిరికి అద్దే స్పాంజిలోని ద్రవానికే వర్తిస్తుంది, చర్మం లోపలి పొరకు కాదు. అయినా నా అసలు అభ్యంతరం ఆ అంకె మీద కాదు. డాక్టరు ముందు అది పులిపిరేనా అని చూస్తాడు, మెలనోమా అనే అనుమానం ఉంటే గడ్డకట్టించడు. ఆ చూపు డబ్బాలో రాదు. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి చలి ఎప్పుడు గాయంగా మారిందో కూడా తెలియదు. ముఖకాంతి కోసం ఐస్‌ముక్కను చెంపకు నేరుగా అదిమి పట్టుకునే అలవాటు కూడా, ఎక్కువసేపైతే, చలిగాయానికే దారి తీస్తుంది.

నల్లని, చామనఛాయ చర్మాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. రంగునిచ్చే మెలనోసైట్లు −4 నుంచి −7 డిగ్రీల మధ్యే దెబ్బతింటాయి. చర్మపు పైపొర కణాలు అంతకంటే చాలా ఎక్కువ చలిని తట్టుకుంటాయి. అందుకే పులిపిరి పోయినచోట తెల్లమచ్చ మిగలవచ్చు. కొందరికి నెలల్లో రంగు తిరిగి వస్తుంది, కొందరికి రాదు. బొల్లి పేరెత్తితేనే పెళ్లి సంబంధాలు వెనక్కి పోయే మన సమాజంలో, ముఖం మీద ఈ చికిత్స చేసే ముందు ఆ అవకాశాన్ని రోగికి విడమరిచి చెప్పడం చికిత్సలో భాగమే.