మొటిమయు గోరును

మొటిమలను గూర్చి యొక వ్యాసమా యని మా చదువరులలో కొందరు నవ్వుకొనవచ్చును. ప్రాణములు తీయు వ్యాధులు ఎన్నియో యుండగా ముఖముమీది చిన్న పొక్కుతో మీకేమి పని యని యడుగవచ్చును. కాని పదునాలుగు పదునైదేండ్ల పిల్లలున్న యింటివారికి ఈ ప్రశ్న తోచదు. గది తలుపు గడియ వేసికొని, అద్దము ముందు నిలిచి, రెండు గోళ్ల నడుమ మొటిమను నొక్కుచున్న బిడ్డను వారు చూచియే యుందురు. "గిల్లకే, మచ్చ పడుతుంది" అని తల్లి కేకవేయును. "ఈ ముఖంతో కాలేజీకి ఎట్లా వెళ్లను?" అని బిడ్డ లోపలినుండి బదులు చెప్పును. పెండ్లిచూపుల దినము దగ్గరపడిన యింట ఈ కలవరము మరింత హెచ్చు. వారము దినములలో ముఖము తేటపడవలెనని, ఎవరేది చెప్పిన నది తెచ్చి పూయుదురు. మేమెరిగిన యొక యింట నట్లు తెచ్చిన లేపనము సంగతి తరువాత చెప్పెదము. మొటిమలవలన చెడిన ముఖములకంటె, మొటిమను పోగొట్టబోయి చెడగొట్టుకొన్న ముఖములే యెక్కువేమో యని మాకు తోచుచున్నది. ఈ వ్యాధి చరిత్రను తిరుగవేసిన కొలదియు ఈ యనుమానము బలపడినదే కాని తగ్గలేదు.

మన ప్రాచీన వైద్యులు దీనిని బాగుగనే యెరుగుదురు. సుశ్రుతసంహితలో నిదానస్థానమున, క్షుద్రరోగముల నడుమ, దీనికి ముఖదూషిక యని పేరుపెట్టి, యువజనుల ముఖమున బూరుగు ముండ్లను పోలి పుట్టు పిటకములని వర్ణించినారు. బూరుగు మ్రానును దగ్గరగా చూచినవారికి ఆ పోలిక యెంత చక్కనిదో తెలియును. అడుగు వెడల్పు, కొన సూది. కఫవాతములును రక్తమును చెడుట కారణమనిరి. వస, లొద్దుగచెక్క, సైంధవలవణము, ఆవాలు నూరి పూయుటయు, వమనము చేయించుటయు చికిత్సగా చెప్పిరి. తరువాతి వైద్యులు బూరుగు ముండ్లనే పాలతో నూరి పూయుమనిరి. ముల్లును ముల్లుతో తీయుట యన్నమాట గాబోలు. ఈ లేపనముల గుణదోషముల నిక్కడ విచారింపము. మమ్ము ఆకర్షించినది వేరొకటి. కుష్ఠమునకు పాపకర్మమును గూడ కారణముగా చెప్పిన యా గ్రంథమే, మొటిమ విషయమున ఏ పాపమును, ఏ దుర్నడతను ఎత్తలేదు. వయసు చెప్పి, దోషము చెప్పి, ఊరకున్నది. క్షుద్ర మనగా నిచ్చట నీచమని కాదు, చిన్నదని.

రోమకులు ఇంత సౌమ్యముగా మాటలాడలేదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో లాటినుభాషయందు వైద్యగ్రంథము వ్రాసిన సెల్ససు, ఇట్టివానికి చికిత్స చేయుట యించుమించు వెఱ్ఱితనమనియు, అయినను స్త్రీలకు తమ యందమునందలి శ్రద్ధను మాన్పుట యెవరి తరమును గాదనియు విసుగుకొనుచునే, చెట్టుజిగురును పటికను కొంచెము తేనెతో కలిపి పూయుమని విధించెను. మొటిమలు స్త్రీలకే వచ్చునట్లు వ్రాసిన యా పురుషుని ముఖము ఇరువదవయేట నెట్లుండెనో యెవరును వ్రాసిపెట్టలేదు. థియొడోసియసు చక్రవర్తి కొలువున ఉద్యోగము చేసిన గాలుదేశీయుడు మార్సెల్లసు చెప్పిన వైద్యము మరింత వింతయైనది. రాత్రి ఆకాశమును కనిపెట్టియుండి, చుక్క రాలుచుండగా గుడ్డతో ముఖము తుడుచుకొనవలెనట. చుక్కతోపాటు మొటిమలును రాలిపోవునట. వట్టిచేతితో తుడిచినచో అవి చేతికి ప్రాకునని కూడ హెచ్చరించెను. నవ్వదగినదే. కాని చుక్క రాలువరకు మిన్ను చూచుచు కూర్చున్నవాడు అంతసేపును మొటిమను గిల్లియుండడు గదా! ఆనాటి మందులు పెక్కింటికంటె నిది మేలే.

నేటి వైద్యులు పలుకు ఆక్నే యను పేరునకు గూడ ఒక చిన్న కథ కలదు. యౌవనపు పరాకాష్ఠ యను నర్థముగల అక్మే యను గ్రీకుపదమును, ఆరవ శతాబ్ది వైద్యుడు ఏటియసు గ్రంథపు ప్రతులలో లేఖకు లెవరో తప్పు వ్రాయగా ఈ రూపము వచ్చినదని పండితుల యభిప్రాయము. అనగా గ్రీకులు చూచినదియు మన సుశ్రుతుడు చూచినదే. ఇది వయసునకు సంబంధించినది.

ఈ సాదా మాటను చెడగొట్టినది పదునెనిమిదవ శతాబ్ది. లోసాను నగర వైద్యుడు టిస్సో, 1760లో ప్రకటించిన గ్రంథమున, యువజనుల ఏకాంత దురభ్యాసమునకు ఫలములని చెప్పిన దీర్ఘమైన పట్టికలో ముఖముమీది మొటిమలను గూడ చేర్చెను. ఆ పుస్తకము యూరపు భాషలు పెక్కింటిలోనికి పోయినది. అప్పటినుండి మొటిమ వ్యాధి కాదు, సాక్ష్యము. నేరము చేసినవాని నొసట ప్రకృతియే ముద్ర వేసినదని తండ్రులు నమ్మిరి, ఉపాధ్యాయులు నమ్మిరి. అన్నిటికంటె దుస్సహమైనది, పిల్లలే నమ్మిరి. మన యిండ్లలో నింత కఠినముగా చెప్పకపోయినను, "వయసు వేడి" అని ముసిముసి నవ్వులు నవ్వుటయు, "పెండ్లి చేస్తే అవే పోతాయి" అని పెద్దమ్మలు తీర్పు చెప్పుటయు మన మెరుగనివి కావు. ఆ నవ్వు వినుచున్న పిల్ల తల వంచుకొని లోపలికి పోవును. పోయి యేమిచేయును? అద్దము ముందు నిలుచును.

ఈ యపవాదును తుడిచివేసినది 1941లో అమెరికాదేశపు శాస్త్రజ్ఞుడు జేమ్సు హామిల్టను చేసిన పరిశీలనము. ఈడు రాకముందే వృషణములు పోయినవారికి మొటిమలు రావనియు, పురుషత్వమును కలిగించు హార్మోనును వారి కిచ్చినపుడు వచ్చుననియు ఆయన చూపెను. ఈ జాతి హార్మోనులు కొలదిగా స్త్రీ శరీరమునందును ఊరును. అవి చర్మములోని నూనెగ్రంథులను మేల్కొల్పును. గడ్డము మొలచుట యెట్టిదో, గొంతు మారుట యెట్టిదో, ఇదియు నట్టిదే. నడతతో దీనికి నిమిత్తము లేదు. పెండ్లియైన పిదప తగ్గినచో తగ్గించినది యేండ్లు గడచుటయే. కొందరు స్త్రీలకు ముప్పదియేండ్లు దాటినను తగ్గవు. మొటిమలతోపాటు నెలసరి తప్పుచు, గడ్డముమీద వెండ్రుకలు మొలచుచున్నచో అండాశయములను గూర్చి వైద్యునితో మాటలాడవలెను, పురోహితునితో గాదు.

రోమకూపము ప్రక్కనున్న గ్రంథి నుండి నూనె యెప్పుడును పైకి వచ్చుచుండును. కూపపు గోడనుండి రాలిన మృతచర్మము ఆ నూనెతో కలిసి బిరడావలె దారి మూయును. మూత తెరచియున్నచో నల్లని తల కనబడును. ఆ నలుపు మురికి కాదు. మన చర్మమునకు రంగు నిచ్చు పదార్థమే గాలి సోకి నల్లబడుట. కాబట్టి ముఖము నెంత తోమినను అది పోదు, చర్మము మాత్రము మండును. లోపల చిక్కిన నూనెలో ఒక సూక్ష్మజీవి పెరుగును. జర్మను వైద్యుడు ఉన్నా దీనిని 1896లో వర్ణించెను. 2016లో శాస్త్రజ్ఞులు దీనికి క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అని పేరు మార్చిరి. ఇది మొటిమలు లేనివారి చర్మముమీదను కాపురముండునదే. ఇంతకు పూర్వము మనము దీనిని అంటువ్యాధిగా భావించి తువాలు వేరుచేసిన పిల్లల కందరకును క్షమాపణ చెప్పుకొనవలెను.

ఆహారము మాట తేలలేదు. చాకొలెట్టు నిర్దోషి యని 1969లో అమెరికాలో తీర్పు చెప్పిరి. కాని పోల్చిచూచుటకు పెట్టిన రెండవ బిళ్లలోను చక్కెర, కొవ్వు అంతే యుండెను! పసిఫికు సముద్రములోని కిటావాద్వీపమున 1,200 మందిని పరీక్షింపగా ఒక్కరి ముఖమునను మొటిమ కనబడలేదని 2002లో ప్రకటించిరి. వారు దుంపలు, పండ్లు, చేపలు, కొబ్బరి తిందురు. చక్కెరయు తెల్లని పిండియు తగ్గించిన కొందరికి మేలు కలుగునని తరువాతి పరిశోధనలు సూచించుచున్నవి. అంతమాత్రమున పిల్లవాని కంచములోనుండి వేపుడు ముక్కను లాగివేయుచు ఉపన్యసింప నక్కరలేదు.

ఇక తొందరపాటు చేసిన హాని. పదునెనిమిదవ శతాబ్దిలో ఇంగ్లండున గౌలండు లోషను అను నొక ముఖలేపము గొప్ప పేరు పొందెను. జేను ఆస్టిను వ్రాసిన పర్సుయేషను నవలలో ఒక తండ్రి తన కుమార్తెకు దీనిని ఎడతెగక వాడుమని బోధించును. అందులో బాదముపప్పు రసముతో కలిసియున్నది పాదరసపు విషము, మనవారు రసకర్పూరమనునది. అది పైచర్మమును ఒలిచివేయగా క్రింది లేతచర్మము కొన్నాళ్లు నునుపుగా మెరయును; విషము మాత్రము లోనికి దిగును. 1895లో రాంట్జెను ఎక్సు కిరణములను కనుగొన్న కొలది యేండ్లకే వానిని మొటిమలమీదను ప్రయోగించిరి. నూనెగ్రంథు లెండి ముఖములు తేటపడిన మాట నిజమే. ఇరువదవ శతాబ్ది నడుమవరకును ఇది నడచినది. దశాబ్దములు గడచిన పిదప వారిలో కొందరికి కంఠమునందలి థైరాయిడు గ్రంథిలో క్యాన్సరు పుట్టినది. పదునారేండ్ల ముఖముకొరకు ఏబదియేండ్ల ప్రాణమును కుదువబెట్టిరి.

మేము పైని చెప్పిన యింటి సంగతియు నిట్టిదే. పెండ్లిచూపులకు మూడువారములు ముందుగా, ఎవరో చెప్పగా మందుల దుకాణమున ఒక గొట్టము కొని తెచ్చిరి. పదిదినములలో పిల్ల ముఖము తేటపడినది, రంగును తేలినది, ఇంటివారు సంతోషించిరి. రెండు నెలలు పూసి మానగానే బుగ్గలు ఎర్రబడి, మంటపుట్టి, మునుపటికంటె దట్టముగా మొటిమలు లేచినవి. ఆ గొట్టములో నున్నది గాఢమైన స్టిరాయిడు. ఇది యొక్క యింటి కథ కాదు. మన దేశమున పండ్రెండు కేంద్రములలో ముఖచర్మవ్యాధులతో వచ్చిన 2,926 మందిని పరిశీలింపగా 433 మంది ఇట్టి లేపనములు పూసికొనుచున్నవారే యని 2011లో చర్మవైద్యులు ప్రకటించిరి. 2018లో ప్రభుత్వము ఇట్టివానిని పెక్కింటిని వైద్యుని చీటి లేక అమ్మరాదని శాసించినది. శాసనము దుకాణపు బల్లవద్ద ఎంతవరకు నిలిచియున్నదో పాఠకులకే తెలియును.

అన్నిటికంటె పాతదియు, వెల లేనిదియు నగు నాయుధము గోరు. 1898లో పారిసు వైద్యుడు బ్రాకు, తమ మొటిమలను గిల్లి గిల్లి పుండ్లు చేసికొను యువతులను వర్ణించి, ఆ స్థితికి ప్రత్యేకముగా ఒక పేరు పెట్టెను. వచ్చిన మొటిమలు కొలదియే; గాయములు మాత్రము ముఖమంతయు! మగపిల్లలును ఈ పని చేయుదురు గాని పేరులో చేరలేదు. నొక్కునపుడు జరుగున దేమనగా, చీము సగము పైకి వచ్చును, సగము లోనికి పోవును. పలుచనైన కూపపు గోడ లోపల చిట్లి, నూనెయు మృతచర్మమును మాంసములోనికి చిందును. శరీరము వానిని పరాయి పదార్థములుగా నెంచి పోరాడును. ఆవగింజంత మొటిమ మరునాటికి రేగుపండంత యగుట యిందువలననే. మన వంటి చామనచాయ చర్మమున ఆ మంట చల్లారిన తావెల్ల నల్లని మచ్చ నిలుచును. లోతుగా చిట్లినచోట గుంట పడును, అది యెన్నటికిని పూడదు.

ముక్కునకును పై పెదవికిని చుట్టుపట్ల మరియొక భయము కలదు. అచ్చటి రక్తనాళములకు కంటివెనుక మార్గమున మెదడు క్రిందనున్న నాళములతో సంబంధము కలదు. రష్యాదేశపు సంగీతకర్త స్క్రియాబిను 1915లో పై పెదవిమీద లేచిన కురుపు విషమించి, రక్తము చెడి, 43వ యేట మాస్కోలో మరణించెను. అప్పటికి పెన్సిలిను లేదు. నేడిట్టిది మిక్కిలి యరుదు. మొటిమ గిల్లిన ప్రతి పిల్లను మృత్యువుతో బెదరింపవలదు. కాని యచ్చటి కురుపు వాచి, జ్వరము వచ్చి, కన్ను ఉబ్బినచో నొక్క పూటయు నాగరాదు. వైద్యులును నల్లతలలను తీయుదురు గదా యందురేమో. వారు శుభ్రమైన పరికరముతో, మూత తెరచియున్న వానినే, వలసినంతయే నొక్కుదురు. ఎర్రగా వాచినదానిని ముట్టరు.

ఇంట చేయదగినది కొంచెమే. దినమునకు రెండుమారులు మెల్లని సబ్బుతో కడిగిన చాలును. తలకు దట్టముగా నూనె రాచి పండుకొను పిల్లలకు అది నొసటికి జారి అచ్చటనే మొటిమలు లేచును. నూనె తగ్గించి చూడవలెను. నిమ్మరసము, పండ్లు తోముకొను పేస్టు పూయుట చర్మమును కాల్చుకొనుటయే. బెంజాయిలు పెరాక్సైడు, అడాపలీను అను లేపనములు గుణమిచ్చును గాని ఆరు మొదలు ఎనిమిది వారములైన పట్టును. ముందుగా చర్మము పొడిబారును. మొదటిది దిండుగలీబుల రంగును గూడ తీయును. మచ్చలు ముదురకుండుటకు ఎండ తగులనీయరాదు. లోతైన గడ్డలు కట్టువారికి 1982 మొదలు ఐసోట్రెటినాయిను అను మాత్రలు కలవు. అవి గర్భములోని శిశువును వికలము చేయును గనుక, ఆ సంగతి చెప్పక యిచ్చు వైద్యునివద్దకు మరల పోరాదు.

ఆ యింటి పిల్ల సంగతి యడుగుదురేమో. వచ్చెదమన్నవారికి ఆమెయే కబురు పంపించి చూపులను ఆపివేయించినది. చర్మవైద్యుడు అయిదు నెలలు పట్టునని చెప్పెను, ఏడు పట్టినది. ఎడమబుగ్గమీద రెండు గుంటలు మిగిలినవి. అవి తన గోటి పనియే గాని మొటిమ పని కాదని ఆమె నవ్వుచు చెప్పును.