తటాకదోషములలో మొదటిది
తెలుగునాట జలస్రావనిరోధము : ఒక చారిత్రక పరిశీలనము

తెలుగుదేశమున తటాకనిర్మాణమునుగూర్చి పరిశోధకులు చాల వ్రాసియున్నారు. చెరువు సప్తసంతానములలో ఒకటియనియు, దానిని త్రవ్వించుట రాజులకును, రెడ్లకును, సెట్లకును, దేవాలయనర్తకులకును సమానముగ పుణ్యహేతువైయుండెననియు శాసనములు చాటుచున్నవి. కాని త్రవ్వించినవా రెవరు, ఏ సంవత్సరమున త్రవ్వించిరి, ఎన్ని మర్తురుల భూమి ధారవోసిరి అను ప్రశ్నలకు లభించిన శ్రద్ధ, ఆ చెరువులో నీరెట్లు నిలిచినది అను ప్రశ్నకు లభింపలేదు. చెరువును కట్టుట యొక పని. కట్టిన చెరువు కారకుండ చూచుకొనుట వేరొక పని. మొదటిదానికి శాసనమున్నది. రెండవదానికి ప్రాయికముగ శాసనము లేదు. కొన్ని మాటలును, కొన్ని అలవాట్లును మాత్రమున్నవి. ఈ వ్యాసమున మేమా రెండవదానినిగూర్చి విచారింప దలచితిమి.

ముందుగా మాటలను చూతము. నీరు తప్పించుకొనిపోవుటకు తెలుగున ఒకే క్రియ లేదు. పాత్ర కారును, ఇల్లు ఉరియును, నేల ఊరును, గోడ చెమ్మగిల్లును, చెరువుక్రింది పొలము జాలుపట్టును. కట్టవిషయమున ఈ సూక్ష్మభేద మింకను స్పష్టము. కట్ట వెలుపలి పాదమున తడి కనిపించిన నది చెమ్మ. ఆ తడి చేరి పారిన నూట. ఊట మట్టిని తనతో కొనిపోయి దారి చేసికొనినచో బుంగ. బుంగ పైకప్పు కూలినచో గండి. ఈ నాలుగు మాటలు నాలుగు పర్యాయపదములు కావు. ఒకే వ్యాధియొక్క నాలుగు దశలు. నేటి ఇంజనీర్లు మట్టికట్టల పతనమును వర్ణించు క్రమమును ఇదియే. స్వచ్ఛమైన ఊటకు భయపడనక్కరలేదనియు, మడ్డిగా వచ్చు ఊటకు భయపడవలయుననియు వారు చెప్పుదురు. ఊటలో మట్టి యున్నచో కట్ట లోపల తరుగుచున్నదని యర్థము. ఊటకును బుంగకును వేర్వేరు మాటలు గల భాషను మాటలాడినవారి కీ భేదము తెలియదనుట సాహసము.

ఇక గ్రంథములకు వత్తము. క్రీ.శ. 6వ శతాబ్దినాటి వరాహమిహిరుడు తన బృహత్సంహితలో భూగర్భజలములను చెప్పు దగార్గళాధ్యాయము చివర తటాకమును ప్రస్తావించెను. తూర్పుపడమరలుగా సాగిన చెరువు నీటిని చిరకాలము నిలుపుననియు, ఉత్తరదక్షిణములుగా సాగినది గాలికి లేచిన అలలచే చెడుననియు ఆయన మతము. అట్టి చెరువునే కోరినచో, గట్టును చేవకొయ్యలతోగాని రాళ్లతోగాని కాపాడవలయుననియు, మట్టిని పొరపొరగా పోసి ప్రతిపొరను ఏనుగులు, గుఱ్ఱములు మున్నగువానిచే త్రొక్కింపవలయుననియు చెప్పెను. ఇచ్చట ముఖ్యమైనది ఏనుగు కాదు. 'ప్రతిపొరను' అను నియమము. మట్టిని ఒక్కసారిగా కుప్పవోసి పైన త్రొక్కించినచో అడుగు వదులుగనే యుండును. పలుచని పొరలుగా వేసి, తగిన తేమయందు త్రొక్కించినపుడే మట్టికణముల నడుమనున్న సందులు మూసికొనును. ఏ తేమయందు మట్టి మిక్కిలి దట్టమగునో ప్రయోగపూర్వకముగ నిరూపించినది అమెరికాలో ప్రాక్టర్ అను ఇంజనీరు; అది 1933లో. సూత్రము నూతనము; ఆచారము ప్రాచీనము. మన పల్లెలలో ఏనుగునకు బదులు ఎద్దులు, మేకలమందలు, మనుష్యుల పాదములు, దిమ్మిస పనిచేసినవి.

ఆ గ్రంథముననే వజ్రలేపాధ్యాయ మొకటి కలదు. పచ్చి తుమ్మికకాయలు, వెలగకాయలు, బూరుగుపూలు, వస మున్నగువానిని నీటిలో నెనిమిదవవంతు మిగులునట్లు కాచి, ఆ కషాయములో గుగ్గిలము, జీడి, అవిసె, మారేడు మున్నగువానిని కలిపి, వేడిగా నుండగనే పూయవలయునని విధానము. ప్రాసాదములకు, విగ్రహములకు, గోడలకు మాత్రమే గాక నూతులకును దీనిని చెప్పుట గమనింపదగినది. జిగురును, నూనెయు, కషాయమును కలిసిన ఈ పూత నీటిని చొరనీయనిదిగ ఉద్దేశింపబడినదనుటలో సందేహము లేదు.

తెలుగునేలమీద ఈ విషయమున మనకు దొరికిన అమూల్యసాధనము కడపసీమలోని పోరుమామిళ్ల శాసనము. శకవర్షము 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది. విజయనగరప్రభువైన మొదటి బుక్కరాయని కుమారుడును, ఉదయగిరిని పాలించినవాడును ఐన భాస్కరుడు, నామాంతరమున భవదూరుడు, అనంతరాజసాగరమను తటాకమును నిర్మించి దీనిని వ్రాయించెను. ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటమున సుక్తంకరుగారు దీనిని పరిష్కరించి ప్రకటించిరి. వేయిమంది పనివారును, నూరు బండ్లును రెండేండ్లు పనిచేసినట్లు శాసనము చెప్పుచున్నది. దానికంటెను విలువైనది అందలి శాస్త్రభాగము. తటాకమునకు పండ్రెండు సాధనములును, ఆరు దోషములును అందు పరిగణింపబడినవి.

పండ్రెండు సాధనములలో నాలుగు నీటి నిలుకడకు నేరుగ సంబంధించినవి. గట్టి బంకమట్టినేల యుండవలెను. కట్ట మిక్కిలి పొడవుగాక, దట్టమైన రాతికూర్పుతో దృఢముగ నుండవలెను. నిడుపైన, వంకరలేని రాళ్లు దొరకు గని సమీపమున నుండవలెను. పనిలో నేర్పరులైన జనులుండవలెను. రాజునకును, జలశాస్త్రమెఱిగిన బ్రాహ్మణునకును ఇచ్చిన వరుసలోనే పనివారికిని స్థానమిచ్చుట ఈ శాసనకర్త వివేకమునకు నిదర్శనము.

ఆరు దోషములలో మొదటిది కట్టనుండి నీరు స్రవించుట. రెండవది చవిటినేల. తరువాతివి రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు నడుమ మెరక యుండుట, నీరు తక్కువయై పారవలసిన నేల ఎక్కువయగుట, నేల తక్కువయై నీరు ఎక్కువయగుట. రాజ్యముల వైరముకంటెను, నీటి కొరతకంటెను ముందుగా స్రావమును పేర్కొనుట మాకు యాదృచ్ఛికముగ తోపదు. మిగిలినవి కట్టకముందే చూచి తప్పింపదగిన దోషములు. స్రావమొక్కటియే కట్టినపిదపను పుట్టి, ప్రతివర్షము పెరుగునది.

ఇచ్చట మమ్ము చాలకాలము బాధించిన సందేహమొకటి కలదు. చవిటినేల చెరువునకు దోషమని శాసనము. కాని ఆ శాసనమున్న రాయలసీమలోనే, మట్టిమిద్దెలపై వాన దిగకుండుటకు జనులు కోరి తెచ్చి పరచునది చౌడుమన్నే. దూలములమీద దంతెలు వేసి, వానిపై కట్టెలోబండలో పేర్చి, మట్టి మెత్తి, అన్నిటిపైన చౌడు పోయుదురు. వానలకు ముందు ఏటేట క్రొత్తచౌడు చల్లుదురు. ఒకచోట దోషమైనది మరియొకచోట ఔషధమెట్లయ్యెను? శాసనములోని చవిటినేల పైరునకు మాత్రమే దోషముగ చెప్పబడినదనియు, కట్టతో దానికి సంబంధము లేదనియు మేము మొదట తలచి, తరగతులలో అట్లే బోధించితిమి. ఆ యభిప్రాయము నిపుడు మార్చుకొనవలసివచ్చినది.

రైతులు చౌడును ఒకటిగా చూడరు. పైన తెల్లగ ఉప్పు పేరునది పాలచౌడు. వానకు జిగురై, ఎండకు బిగిసి, నీటినింకనీయనిది కారుచౌడు. రెండవదానియందు బంకమట్టికణములను సోడియము అంటిపెట్టుకొని యుండును. అట్టి మట్టి వాననీటివంటి ఉప్పులేని నీటిలో తడిసినపుడు కణములు ఒకదానినొకటి తోసికొని విడిపోవును. విడిపోయిన సూక్ష్మకణములు సందులలో చేరి వానిని మూసివేయును. ఈ కారణముననే కారుచౌటి పొలమున నీరు ఇంకక నిలిచిపోవును. ఆ పొలమును బాగుచేయుటకు జిప్సము వేయుదురు. అందలి కాల్షియము కణములను మరల గుదిగూర్చి నీటికి దారి యిచ్చును. మిద్దెమీద జరుగునదియు ఈ మూసివేతయే. అచ్చట నీటికి లోతు లేదు, ఒత్తిడి లేదు. వాలునుబట్టి దోనెలగుండ దిగిపోవును. కావున పైపొర మూసికొనినచో ఇల్లు ఉరియదు.

కట్టలో పరిస్థితి విపరీతము. ఒకప్రక్క నిలువెత్తు నీరు, రెండవప్రక్క గాలి. నడుమ పీతబొరియయో, పందికొక్కుకన్నమో, చెట్టువేరు కుళ్లిన దారియో, ఎండ బీటయో ఉన్నచో నీరు ఒత్తిడితో దానిలో దూరును. మామూలు బంకమట్టి కొంతవరకు తాళును. విడిపోవు స్వభావముగల మట్టి తాళదు. కణములు నీటితో కలిసి సాగిపోవును. ఊట బుంగయగును, బుంగ గండియగును. ఈ రహస్యమును ఇంజనీరింగు శాస్త్రము 1960వ దశకమున ఆస్ట్రేలియాలోని చిన్న మట్టికట్టల పతనములను పరిశీలించి విశదముగ గ్రహించినది. ఒకే గుణము, కణముల విడిపాటు, నిలువని నీటిని ఆపును. ఒత్తిడిగల నీటికి దారి యిచ్చును. కాగా మొదటి దోషమును రెండవ దోషమును వేర్వేరు కావనియు, రెండవది మొదటిదానికి హేతువు కాగలదనియు మా ఊహ. శాసనకర్త మనస్సున ఈ కార్యకారణభావ ముండెనని మేము నిరూపింపజాలము. దోషముల వరుస యొక్కటియే దానికి సాక్ష్యము కాదు. కాని అదే నేలయందలి జనులు చౌడును ఇంటిపై కెక్కించి, చెరువునకు కీడని యెంచుట పరస్పరవిరుద్ధము కాదనుట మాత్రము నిశ్చయము.

మట్టి తరువాత చెప్పదగినది సున్నము. ఉత్త సున్నము గాలి తగిలి గట్టిపడును; నీటిలో నుండి గట్టిపడదు. కావున తొట్లు, తూములు, మేడకప్పులు మొదలగువానికి వేరొక ఉపాయము కావలసివచ్చినది. కాలిన ఇటుకపొడిని, అనగా సురికీని, సున్నముతో కలిపి గానుగలో చిరకాలము నూరినచో, రెండును రసాయనికముగ కలిసి తడిలోను బిగిసికొను ముద్దయగును. కరక్కాయ నానబెట్టిన నీరును, బెల్లపునీరును చేర్చుట మన తాపీపనివారి వాడుక. ఇది మూఢాచారము కాదు. ఇవి ముద్దకు జారుదలను ఇచ్చుచు, అది త్వరపడి బిగియకుండ చేసి, తక్కువ నీటితో దట్టముగ మెత్తుటకు వీలు కల్పించును. తక్కువ నీరు వాడిన పూతలో తక్కువ రంధ్రము లుండును. కప్పుమీద గచ్చు వేసి చిన్న కొయ్యపలకలతో దినములతరబడి కొట్టుటయు ఇందులకే. ఈ సంప్రదాయము మధ్యయుగములతో ముగియలేదు. 1953లో నీరు నిలిపిన తుంగభద్ర ఆనకట్ట రాతికట్టడమున సిమెంటుకు బదులు సున్నము, సురికీల మిశ్రమము వాడబడినది.

ఇంతవరకు పదార్థములను చెప్పితిమి. కాని పదార్థము తనంతట నిలువదు. చౌడు ఏటేట వేయవలెను. బొరియలు ఏటేట పూడ్పవలెను. కట్టపై మొలచిన మ్రాకులను లేతగ నుండగనే పెరుకవలెను. జారిన రాళ్లను మరల పేర్చవలెను. ఈ సత్యము నెఱిగియే పూర్వులు దశబంధమను ఏర్పాటు చేసిరి. చెరువును కట్టి లేక బాగుచేసి కాపాడువారికి దాని ఆయకట్టులో భూమినో, ఫలములో భాగమునో ఇచ్చుట ఈ మాన్యముల స్వరూపము. చెరువు కావలి కాచు నీరటికాండ్రకును వేరుగ మాన్యము లుండెను. మాన్యములు తొలగినపిదప కట్టలు మిగిలినవి గాని వానిని దినదినము నడచి చూచువారు మిగులలేదు. శాసనము రాజును స్మరించినది; మాన్యము నీరటికానిని పోషించినది. చెరువును నిలిపినది ఎక్కువభాగము రెండవదియే.

ఈ విచారణ కేవలము గతమునకు సంబంధించినది కాదు. తెలంగాణమున 2015లో మిషన్ కాకతీయ పేరిట చెరువుల పూడికతీత ప్రారంభమై, ఆ మన్ను పొలములకు చేరినది. పూడిక తీయుట యుక్తమే. అయినను చెరువు గర్భమున తరతరములుగ పేరిన మెత్తని ఒండుపొర నీరు క్రిందికి దిగకుండ కాచు సహజమైన పూతయును అగును. దానిని ఎంతలోతున విడువవలెనను ప్రశ్న ప్రతి చెరువునకును వేరుగ అడుగవలసినది. అడుగు ఇసుకయైనచోట పొరనంతయు ఎత్తివేసినచో చెరువు లోతగును గాని నీరు నిలువదు. అందలి నీరు నూతులకు చేరుట మేలని కోరువారు నుండవచ్చును. అయినను ఏది కోరుచున్నామో తెలిసి చేయుట వేరు, తెలియక చేయుట వేరు.

తుదకు మా విద్యార్థులకొక మాట. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు తొలిసంపుటము వ్యవసాయపదములను సేకరించి మనకు మార్గము చూపినది. ఆ మార్గమున చెరువుకట్టలమీదను, మట్టిమిద్దెలమీదను ఇంకను నడువవలసిన దూరము కలదు. మిద్దెలు కూలి కాంక్రీటు కప్పులు లేచుచున్నవి. కారుచౌడును చేతితో నలిపి, నాలుకపై నుంచి గుర్తింపగలవారు వృద్ధులైరి. వారు పోయినపిదప ఊట, బుంగ, జాలు అను మాటలు నిఘంటువులలో మిగులును గాని వాని నడుమనున్న భేదము మిగులదు. శాసనమునకు నకలు తీసికొనవచ్చును. రాయి మనకొఱకు వేచియుండును. ఈ మాటల నెఱిగినవారు వేచియుండరు. కావున పరిశోధకుడు ముందుగా పోవలసినది వారి యొద్దకు.